నీళ్లు అడిగిందెవరు?

చనిపోయిన మా నాయన మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించలేదు. ఆ దీపం తగ్గించకండి… వెలుతురులోనే చెబుతాను.

తెల్లవాళ్ల రాజ్యం. యుద్ధం నడుస్తోంది. నాయకులందరినీ జైళ్లలో వేసేశారు. సత్యవేడు వీధుల్లో నలుగురు కలిసి నిలబడితే చాలు, లాఠీ పడేది. అలాంటి రోజుల్లో సూళ్లూరుపేట రైలుకట్ట వెంబడి తంతి తీగలు తెంచేశారు. ఎవరు తెంచారో మా నాయనకు తెలుసు. వాళ్లను మా సరుగుడు తోపులో దాచింది ఆయనే.

పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. పేర్లు చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. మూడో రోజు చాపలో చుట్టి ఇంటికి పంపారు. గుండె ఆగిపోయిందన్నారు. ఆ పెదవులు చూడాలి మీరు… ఎండిపోయిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి.

పదకొండో రోజు కర్మంతరం అయ్యాక స్టేషన్లో పనిచేసే జవాను ఒకడు నన్ను సందులో ఆపాడు. అటూ ఇటూ చూశాడు.

"కొట్టింది అట్టుండనీ మ్మా… మీ నాయన నీళ్లు నీళ్లని అరిసి అరిసి పోయినాడు. ఆ ఇన్‌స్పెక్టరు మీ నాయన ముందరే నిలబడి సెంబెత్తి తాగినాడు. సుక్క ఇయ్యలా."

నేను ఏడవలేదు. ఇంటికి వెళ్లి కొడవలి నూరాను.

ఇన్‌స్పెక్టరు ఊరి బయట బంగళాలో మకాం పెట్టాడు. కోస్తా నుంచి వచ్చినవాడు. మళ్లీ అరెస్టులు మొదలుపెడతాడని ఊరంతా వణుకుతోంది. మా అమ్మ తమ్ముడు మునెప్ప మామకు మాత్రమే నా సంగతి చెప్పాను. వద్దనలేదు. ఆ రాత్రి నాతో వచ్చాడు. కంచె దగ్గర ఆగి నా భుజం పట్టుకున్నాడు.

"మే, సెయ్యి వణికితే ఎనక్కి వొచ్చెయ్. నేను పోతా."

"వణకదు మామా. నువ్వీడే ఉండు."

వేసవి ఉక్క. ఆకు కదలడం లేదు. వెనక వంటగదిలోంచి కాపలావాడి గురక వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టరు వరండాలో మడతమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలదగ్గర లాంతరు. పక్కన ముక్కాలిపీట మీద ఇత్తడి చెంబు. మూలన నీళ్ల బాన.

మెట్లెక్కాను. వాడి గొంతు నాకు అందేంత దగ్గర… గొంతు మీద ముడి పైకీ కిందికీ కదులుతోంది. కొడవలి ఎత్తాను. చెయ్యి వణకలేదు. నిజంగా వణకలేదు.

అప్పుడు…

గుటక్.

ఎవరో నీళ్లు మింగిన చప్పుడు. నా ఎడమ పక్కన. చెవికి ఆనుకునేంత దగ్గర.

గుటక్… గుటక్…

నాకు తల తిప్పడం చేతకాలేదు. మెడ కొయ్యయిపోయింది. ఎడమ చెంప మాత్రం చల్లగా… తడిబట్ట తగిలినట్టు.

ఇన్‌స్పెక్టరు కళ్లు తెరిచాడు. కొడవలి వాడి మొహం మీదే ఉంది. వాడు దాన్ని చూడలేదు. నన్నూ చూడలేదు. నా ఎడమ పక్కకు చూశాడు. లేచి కూర్చున్నాడు. గొంతులోంచి పిల్లిలా సన్నటి మూలుగు.

"ఇస్తాను… ఇస్తానండీ… ఇదిగో."

అండీ అన్నాడు! మా నాయనను బూటుకాలితో తన్నినవాడు!

చెంబు రెండు చేతులా పట్టుకుని వంచాడు. నీళ్లు ధారగా పడుతున్నాయి. లాంతరు వెలుగులో ధార కనిపిస్తూనే ఉంది. కానీ… కింద పడిన చప్పుడు లేదు. నేల మీద తడి లేదు. చెంబు ఖాళీ అయింది. బాన దగ్గరికి పాక్కుంటూ వెళ్లి ముంచుకొచ్చాడు. మళ్లీ వంచాడు. మళ్లీ ముంచాడు.

"ఇంకా చాల్లేదా? బాబూ… ఇంకా చాల్లేదా?"

వాడు ఏడుస్తున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. దాచడమెందుకు… నాకు తృప్తిగా ఉంది. ఆ ఏడుపు తెల్లవార్లూ వినాలనిపించింది. ఒక్క వేటుతో పోతే ఏం తెలుస్తుంది వాడికి!

బాన అడుగున చెంబు గీసుకుంది. కర్ర్… మని. వాడు పెట్టిన కేకకు వంటగదిలో గురక ఆగింది. మామ పరిగెత్తుకొచ్చి నన్ను జబ్బ పట్టి లాగాడు. తోపులో పడేదాకా ఆగలేదు మేము.

మర్నాడు ఇన్‌స్పెక్టరును కారులో మద్రాసు తీసుకుపోయారు. చేతులు దోసిలి పట్టి ఉంచాడనీ, ఎంత విడదీసినా విడలేదనీ చెప్పుకున్నారు. మళ్లీ ఉద్యోగానికి రాలేదు. తీగలు తెంచినవాళ్లు దొరకలేదు. ఆ తర్వాత మా స్టేషన్లో ఎవరిని పట్టుకొచ్చినా మొదట నీళ్లిచ్చేవాళ్లు.

మామ మాత్రం ఒప్పుకోడు. ఇప్పటికీ గొడవే.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. నీది అచ్చం మీ నాయన మొకమే. లాంతరు ఎలుతుర్లో నిన్ను సూసి బెదిరిపోయినాడు. నేల తడిసే ఉండాది, నా కాలు జారింది గదా!"

అయ్యుండొచ్చు. భయంలో నాకు తడి కనిపించలేదేమో. కానీ వాడు నా వైపు చూడలేదు. అది మటుకు నాకు తెలుసు.

అయినా నాకూ ఒక అనుమానం పీకుతూనే ఉంటుంది. అంత దగ్గరగా నిలబడింది నాయనే అయితే… నన్ను ఒక్క మాటైనా పలకరించకుండా వెళ్లిపోతాడా?