రష్యన్ ఆవిడ ఫొటోలకు అమ్మ రాత

అమ్మ దస్తూరీ కోసం నేను పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు.

పాత ఫొటోలు అంటించి, పక్కన చేత్తో రాసి, దారంతో కుట్టి పుస్తకాలు చేయడం నా పిచ్చి. ఒక్కో పుస్తకం ఒక్కటే కాపీ. ఈసారి ఫొటోలు సోవియట్ కాలం నాటివి. నేను పుట్టకముందు నాన్నకు కోర్బా కరెంటు ప్లాంటులో డ్యూటీ. అక్కడ పనికొచ్చిన రష్యన్ ఇంజనీరు భార్య ఒకావిడ, మా క్వార్టరు ముందునుంచి రోజూ నవ్వుతూ వెళ్లేదట. తన దేశం వెళ్లిపోతూ అమ్మకు తొమ్మిది ఫొటోలు ఇచ్చిందట. రొట్టెల కోసం క్యూ, పొయ్యి మీద కెటిల్, మంచులో ఆరేసిన దుప్పట్లు.

అమ్మ చెయ్యి వణకడం మొదలైంది. వచ్చే ఏడాదికి పెన్ను పట్టుకోలేదేమోనని నా భయం. అందుకే కుదుదండ్ కాలనీలో మా ఇంట్లో బల్ల ముందు కూర్చోబెట్టాను.

"ఏటి రాయాలే?"

"ఫొటో చూస్తే నీకేటి గుర్తొస్తే అది."

అరగంటకు వచ్చి చూశాను. 'సోదరికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను.' ఒళ్లు మండింది. ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి ఇచ్చాను. మళ్లీ అదే! మూడోదీ అదే!

"ఉత్తరం కాదమ్మా తల్లీ, ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచేశాను.

"కాయితం ఇచ్చి రాయమంటే ఉత్తరం కాక ఏటి రాస్తారే?" అని తనూ గయ్యిమంది.

తెలుగు చదవడం రాని మా అమ్మాయి, అమ్మమ్మ ఏం రాసిందోనని మధ్యలో దూరింది. "అచ్ఛా, నానీ నే క్యా లిఖా? చదువు మమ్మీ." వెటకారంగా గట్టిగా చదవడం మొదలుపెట్టాను. క్షేమసమాచారాలు దాటాక వెటకారం మానేసి చదివాను.

'మీరు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపు కొట్టడం విన్నాను. మిమ్మల్ని గడప తొక్కనివ్వద్దని మా అత్తగారన్నారు. తియ్యలేదు. ఫొటోలు గుమ్మంలో పెట్టి వెళ్లారు. క్షమించగలరు.'

పారేసిన రెండు కాగితాలూ వెతికి తీశాను. వాటిల్లోనూ ఇదే. పై రెండు లైన్లు చూసి విసిరికొట్టింది నేనే. సిగ్గేసింది.

అమ్మ పెన్నుకు మూత పెట్టింది. "ఎడ్రస్సు నువ్వు రాసి పోస్టులో ఎయ్యి."

"ఎక్కడని రాయనమ్మా? కనీసం ఆవిడ పేరు చెప్పు."

"తలుపే తియ్యనేదు గదే. పేరెప్పుడు అడుగుతాను?"