గౌరి టార్చిలైటు లాక్కున్న సాయంత్రం

మా చిన్నప్పుడు... రాయగడ పక్కన జేకేపూర్ పేపరు మిల్లు కోలనీలో కరెంటు పోయిందంటే చాలు, పిల్లలందరం పక్క క్వార్టర్ వరండాలోకి పరిగెత్తేవాళ్ళం. అక్కడ రామ్మూర్తి మావయ్య ఉండేవాడు.

మావయ్య అంటే చుట్టం కాదు. బొబ్బిలి వైపు మనిషి. మిల్లులో మీటర్లు, గేజీలు బాగుచేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మా నాన్న అదే మిల్లులో ఫిట్టరు... ఇద్దరిదీ ఒకటే షిఫ్టు.

ఆయనకి ఒకటే పిచ్చి. ఆకాశం. కొత్త గ్రహమనో, అంగారకుడి మీద నీటి జాడలనో పేపర్లో నాలుగు ముక్కలు పడితే చాలు, బ్లేడుతో కోసి మైదా జిగురుతో పాత రిజిస్టరులో అతికించేవాడు. తెలుగైనా, ఒడియా అయినా, ఇంగ్లీషైనా సరే.

"పైన ఎవలో ఉన్నార్రా. ఇంత ఆకాశంలో మనమొక్కలమే ఉంటామేటి? ఆళ్ళ మాట మనకి అందడం నేదు... అంతే" అనేవాడు.

మా గౌరి గురించి చెప్పాలి. నా చెల్లెలు. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. రెండో ఏట పెద్ద జ్వరం వచ్చి తగ్గింది... ఆ తరవాత మాట రాలేదు. అయిదేళ్ళు నిండినా పిలిస్తే పలికేది కాదు. కానీ మిల్లుకెళ్ళే వెదురు లారీ మా వీధి మలుపు తిరిగేసరికి మాత్రం గేటు దగ్గరకి పరిగెత్తేది. చప్పుడు వింటోంది కదా, చెవులు బాగానే ఉన్నాయి, బుద్ధే ఎదగలేదన్నారు అందరూ. స్కూల్లో చేర్చుకోలేదు. మజ్జిగౌరమ్మకి మొక్కుకుని మొక్కుకుని అమ్మ అలిసిపోయింది.

ఇంకో మాట... ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నా స్నేహితులు ఇంటికొస్తే నేను గౌరిని వంటగదిలోకి తోసి గడియ పెట్టేదాన్ని.

ఒక వానాకాలం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. నేను మావయ్య వరండాలోకి పరిగెత్తితే గౌరి కూడా నా వెనకే వచ్చేసింది. ఒక మూల కూర్చుంది. నాకు సిగ్గేసి అటు చూడలేదు.

మావయ్య టార్చిలైటు తీసేడు.

"పై లోకపోళ్ళకి మన తెలుగూ రాదు, ఒడియా రాదు. మరి ఆళ్ళతో మాట ఎలాగ మొదలెడతారు? సెప్పండి."

మాకు తెలీలేదు. ఆయన గోడ మీద వెలుగు వేసేడు. ఒకసారి. ఆగి, రెండుసార్లు. ఆగి, మూడుసార్లు.

"లెక్క ఏ లోకంలోనైనా ఒకటే. సూసినోళ్ళకి బుద్ధంటూ ఉంటే, తరవాతేటో ఆళ్ళే సెప్తారు."

మేమింకా నోరు తెరవనే లేదు. గౌరి లేచి వచ్చి ఆయన చేతిలోంచి టార్చి లాక్కుంది. మీట ఎక్కడుందో తడిమి చూసుకుంది. గోడ మీద వెలుగు... ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆపి, మావయ్య మొహంలోకి చూసింది.

పిల్లలు నవ్వేరు. మావయ్య నవ్వలేదు. టార్చి తీసుకుని అయిదు వేసేడు. గౌరి ఆరు వేసింది.

తరవాత ఆయన దాని వెనక్కి వెళ్ళి, స్టీలు పళ్ళేన్ని గరిటెతో గట్టిగా కొట్టేడు. మేమంతా ఉలిక్కిపడ్డాం. గౌరి కదల్లేదు. ఈసారి గచ్చు మీద కాలితో గట్టిగా తన్నేడు... చటుక్కున తిరిగింది.

దాన్ని అలాగే ఎత్తుకుని మా ఇంట్లోకి వచ్చేడు.

"వొదినా, దీనికి బుద్ధి నేదన్నదెవలు? దీనికి ఇనబడదు. అంతే. లారీ వస్తంటే నేల అదురుతాది సూడు... అది తెలుస్తంది దీనికి."

అమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి గౌరి మొహం రెండు చేతులతో పట్టుకుంది. "ఇన్నాళ్ళ బట్టి పిలుస్తునే ఉన్నాను బాబూ... ఒక్క పిలుపూ దానికి అందనేదా?"

ఆయన గౌరిని అమ్మ చేతికి అందించేడు. "పైనున్నోళ్ళ కోసం ఇన్నేళ్ళు సెవులు రిక్కించి కూకున్నాను. పక్కింటి అమ్మిని సూడనేదు" అన్నాడు.

విశాఖపట్నంలో డాక్టరూ అదే చెప్పేడు. వినబడని పిల్లలకి వేరే బడి ఉంది, హాస్టలుంది అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"మాట రాని ఆడపిల్లని పరాయి ఊళ్ళో ఒగ్గీసి వస్తానేటి?"

మావయ్య వాదించలేదు. షిఫ్టు దిగి రోజూ వచ్చి గౌరి పక్కన కూర్చునేవాడు. ముందు బొమ్మ గీసి, పక్కన పేరు రాసి, ఆ మనిషిని చూపించేవాడు. కోసిన పేపరు ముక్కలు అతికించేవాళ్ళు లేక అలాగే పడి ఉండేవి.

దసరా వెళ్ళిన వారం అనుకుంటా... నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి గౌరి గుమ్మంలో పలక పట్టుకుని నిలబడింది. 'నాన్న' అని రాసుంది. వంకర అక్షరాలు. నాన్న చేతిలో క్యారేజీతో అలాగే నిలబడిపోయేడు. మర్నాడు తనే బజారుకెళ్ళి, గౌరి హాస్టలుకని రేకు పెట్టె కొనుక్కొచ్చేడు.

రాయగడ స్టేషన్‌లో నేను గౌరి ముందు నిలబడి, తలుపు గడియ పెట్టినట్టు చేతులతో చూపించి, దణ్ణం పెట్టేను. అది నన్ను కాసేపు చూసింది. తరవాత రైలు వైపు తిరిగింది. క్షమించిందో లేదో... ఈనాటికీ అడగలేదు.

గౌరి ఇప్పుడు అలాంటి పిల్లలకే టీచరు. మావయ్య రిటైరై బొబ్బిలి వెళ్ళిపోయి, ఆరేళ్ళ కిందట పోయేడు. ఏ లోకం నుంచీ ఏ కబురూ వినకుండానే. గౌరి రెండు బస్సులు మారి వెళ్ళి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, సాయంత్రం దాకా లేవలేదట.

ఎక్కడో దూరపు గ్రహం మీద ప్రాణం ఉండొచ్చని మొన్న ఫోన్‌లో ఒక వార్త వస్తే, గౌరికి పంపించి అడిగేను... నిజంగా ఉంటారంటావా అని.

"ఉంటారు అక్కా. తొందరపడి లేరనుకోవద్దు" అని రాసింది.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంట్‌లో ఎదురు తలుపు వెనక ఎవరుంటారో నాకు తెలీదు. నేనెవరో వాళ్ళకీ తెలీదు... మీ చిన్నప్పుడు చుట్టం కాకపోయినా మీ ఇంటి కష్టాన్ని తనదనుకున్న పొరుగు మనిషి ఎవరైనా ఉంటే, ఆ పేరు ఇక్కడ రాయండి. ఒక్కొక్కటీ చదువుతాను.