రెండు వందల అరవై విస్తరాకులు

ఎవరితోనైనా ఇంటర్నెట్‌లో పోట్లాడాలంటే ఊళ్లో నెట్ సెంటరుకు పోయి చెక్క అరలో కూర్చోవాల్సిన కాలమది. ఊళ్లన్నీ రాష్ట్రం కోసం రోడ్ల మీదికొస్తే, నేను జనగామ బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీ మీద ఉన్నాను. డిగ్రీ అయిపోయి, రఘునాథపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చి పిల్లలకు హాల్ టికెట్లు ప్రింటు తీసిచ్చే ఉద్యోగం నాది. (మా ఇంట్లో ‘మా పిల్ల కంప్యూటర్ల పని చేస్తది’ అని చెప్పుకునేవాళ్లు. విన్నవాళ్లు హైదరాబాద్‌లో అనుకుంటే కాదనేవాళ్లు కాదు.) గిరాకీ లేనప్పుడు తెలుగువాళ్ల చర్చావేదిక ఒకదానిలో దూరి, రాష్ట్రం ఎందుకు కావాలో గంటల తరబడి వాదించేదాన్ని. నేను టైపు చేయడం ఆపితే ఉద్యమం కూడా ఆగిపోతుందని నా గట్టి నమ్మకం.

అక్కడ నా ప్రత్యర్థి ‘నిప్పులాంటినిజం’ అనే పేరుతో రాసే ఒకాయన. అసలు పేరు, ఊరు నాకు తెలియవు. రోజుకొక కట్టుకథ తెచ్చి పెట్టేవాడు, నేను దాన్ని పట్టుకుని దులిపేదాన్ని. జవాబు దొరకనప్పుడు ‘ముందు తెలుగు సరిగ్గా నేర్చుకోండి, రాష్ట్రం తర్వాత అడుగుదురుగాని’ అనేవాడు. ఆ మాటకు ఉడుక్కుని నేను ‘కావున’, ‘తద్వారా’ అంటూ పాఠ్యపుస్తకంలా రాసేదాన్ని. ఒకరోజు అతను ఒక ఫొటో పెట్టాడు. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికుల సమ్మె టెంటు. లోపల అన్నీ ఖాళీ కుర్చీలే. ‘గని కార్మికులు కూడా ఇళ్లకు వెళ్లిపోయారు. ఉద్యమం ముగిసింది’ అని కింద రాశాడు. నాకు ఒళ్లు మండింది. మా బావ గనిలో పనిచేస్తాడు. అక్కా బావా ఉండేది అక్కడి క్వార్టర్లలోనే. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, టెంట్ల ఎవ్వరు లేరంటనే?”

“ఎవడన్నడే గా మాట? మీ బావ ఇంటి మొఖం జూసి వారమాయె!”

అదే రాశాను. ‘మీ అక్క చెబితే సాక్ష్యమా? ఫొటో చూపండి’ అన్నాడు. నెట్ సెంటర్ యజమానిని అందరం చాచా అనేవాళ్లం. ఆయన నా వెనక నిలబడి అంతా చదివి, పాస్‌పోర్టు ఫొటోలు తీసే కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. (నీలం గుడ్డ ముందు బిక్కమొహాలు తప్ప అది ఇంకేమీ చూసి ఎరగదు.) “పోయి రా బేటీ. కాని ఒక్క మాట. కండ్లతోని చూసిందే రాయ్. చూడనిది రాస్తే నీకూ గాయనకూ ఫరక్ ఏముంటది?” అన్నాడు.

మర్నాడు రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి భూపాలపల్లిలో దిగాను. తిన్నగా టెంటు దగ్గరికి పోయి చూద్దును కదా, నిజంగానే ఖాళీ! కుర్చీలు, వాటి మధ్య ఒక ముసలవ్వ, అంతే. ఈ కెమెరా తీసుకుని ఏ మొహంతో వెనక్కి పోవాలి?

“అందరేరి అవ్వా?”

“టెంట్ల ఉత్తగ కూసుంటే ఎవడు వింటడు బిడ్డా? నిన్న ఊరంత తిరిగిండ్రు. ఇయ్యాల గా పెద్దరోడ్డు మీద వంట వెట్టిండ్రు. నేను కుర్చీలకు కావలున్న.”

అంటే అతని ఫొటో నిజమే, కింద రాసిందే అబద్ధం! పరుగెత్తాను. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, వాటి మీద గంగాళాలు. మా అక్క కొంగు బిగించి పప్పుచారు కలుపుతోంది. ఆగిపోయిన బొగ్గు లారీల డ్రైవర్లు కూడా పంక్తిలో కూర్చుని ఆకులు పరుచుకున్నారు. ఫొటోలు తీసి, అక్కడి నెట్ సెంటర్లో ఎక్కించాను. పది నిమిషాల్లో జవాబు: ‘ఇది ఏదో పెళ్లి భోజనం. పాత ఫొటో.’

ఏడుపొక్కటే తక్కువగా తిరిగొచ్చి అక్కకు చెప్పాను. అక్క గరిటె ఎత్తి అరిచింది: “ఇయ్యాల్టి పేపర్లు వట్టుకొని నిలవడుండ్రి! మనది పెండ్లంటుండు వాడు!” అందరూ హుషారుగా పేపర్లు ఎత్తి పట్టుకున్నారు, ఒక్కొక్కరు సరిగ్గా మొహానికి అడ్డంగా. ఫొటోలో పేపర్లు తప్ప ఒక్క మనిషీ పడలేదు. “జర కిందికి పట్టుండ్రే!” అని నేను గొంతు చించుకుంటే నాలుగోసారికి కుదిరింది.

తర్వాత తిని పడేసిన విస్తరాకులు ఒక పుల్లతో జరుపుతూ లెక్కపెట్టాను. “గీ పిల్లకు ఎండదెబ్బ తలిగింది” అని బావ గాబరాపడ్డాడు. లారీ డ్రైవర్లవి తొమ్మిది తీసేస్తే రెండు వందల అరవై తేలాయి. పేపర్ల ఫొటో ఎక్కించి, కింద అదే సంఖ్య రాశాను. ఈసారి ‘కావున’ లేదు, ‘తద్వారా’ లేదు. ‘నేను వోయిన, కండ్లార చూసిన, ఆకులు లెక్కవెట్టిన’ అని మా ఇంట్లో మాట్లాడినట్టే రాశాను.

ముందు మీద పడ్డది మనవాళ్లే. ‘ఓరుగల్లుపులి’ అనే ఆయన ‘పదివేలని రాయి చెల్లె, పరువు తీస్తున్నవ్’ అన్నాడు. రాయనన్నాను. ద్రోహి అన్నాడు. అయినా రాయనన్నాను. ఇంతలో నిప్పులాంటినిజం దిగాడు: ‘అంతేనా, రెండు వందల అరవై మందేనా?’

‘నిన్న ఒక్కరు లేరంటివి. ఇయ్యాల నీ నోటితోనే రెండు వందల అరవై అంటున్నవ్. రేపు ఇంకొంచెం కండ్లు తెరువు’ అని కొట్టాను.

వారం తిరక్కుండా అతను పేరు మార్చుకున్నాడని తెలిసి చాచా నాకు సమోసా తెప్పించాడు. పులి మాత్రం రాష్ట్రం వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

ఆ వేదిక మూతపడి చాలా ఏళ్లయింది. నా రాతలన్నీ దాంతోపాటే పోయాయి. లోకమంతా తన కీబోర్డు మీదే ఆనుకుని ఉందనుకున్న ఆ బక్కపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. ఇప్పుడు ఫోన్లో మా చుట్టాల గ్రూపు ఉంది. ఎవరేం పంపినా ‘ఇది ఎవరు చూసిండ్రు? ఎప్పటి ఫొటో?’ అని అడుగుతాను. అడిగినందుకు ఇప్పటికి మూడుసార్లు తీసేశారు. మూడుసార్లూ అక్కే మళ్లీ చేర్చింది. మొన్న చేర్చినప్పుడు నాకు విడిగా ఒక మాట రాసింది: “జర మెల్లగ అడుగవే.”

మెల్లగా అడగడం ఈ వయసులో కూడా నాకు చేతకావడం లేదు.