మూడు పక్కల బల్ల

మునిప్రసాద్ పార్కులకు సిమెంటు బల్ల పోసిన ప్రతిసారీ ముందు తానే దాన్ని కొడతాడు. సిమెంటు పూర్తిగా గట్టిపడ్డాక, పైన కప్పిన తడి గోనెపట్టాలు లాగేసి, సమ్మెట ఎత్తి మూల మీద దించుతాడు. పెచ్చు లేచిందా, ఆ బల్ల షెడ్డు దాటదు. అక్కడే దాన్ని పిండి చేసి ఎవరి పునాదిలోకో తోలేస్తాడు. "ముందు నేను కొట్టాల. తర్వాతే ఊరోళ్లు కొట్టాల" అంటాడు.

ఇందులో వెర్రి ఏమీ లేదు. పార్కు ప్రజల ఆస్తి అని బోర్డు పెడితే ప్రజలు మొదట పీకేది ఆ బోర్డునే. ఇనుప బెంచీలు కోసుకుపోయి పాతసామాన్ల అంగట్లో అమ్ముతారు. చెక్కవి చలిమంటల్లో పోతాయి. తాగినవాడు సీసాను బండ అంచుకే కొడతాడు, పెళ్లాం మీది కోపం బెంచీ నడుం మీద తీర్చుకుంటాడు. అందుకే మునిప్రసాద్ బల్లకు చేతికందే బోల్టు ఉండదు. బెంచీలూ బల్లా ఒకే కమ్మీల అల్లికతో ఒకే పోతగా పోస్తాడు, కాళ్లు లోతుగా పాతేస్తాడు.

దెబ్బ ఎక్కడ పడితే ఏది విరుగుతుందో అతనికి బాగా తెలుసు. ఎలా తెలిసిందో చిత్తూరు చుట్టుపక్కల చాలామందికి తెలుసు. వయసులో ఉండగా మామిడితోట బాట దగ్గర తగాదా వచ్చింది. సొంత అన్న జయరామ్ నడుం మీద గడ్డపారతో కొట్టాడు. ఒకటే దెబ్బ. జయరామ్‌కు కాళ్లు పోయాయి. మునిప్రసాద్ జైలుకు పోయాడు, సిమెంటు పని అక్కడే నేర్చుకున్నాడు. అతను బయటికొచ్చేసరికి ఆ బాటను రోడ్డు మింగేసింది. కొట్టుకోవడానికి కారణం కూడా మిగల్లేదు.

జైలు మనిషిని మార్చిందని చెప్పుకోవడం పెద్దమనుషులకు ఇష్టం. మార్చలేదు. కోపం ఎప్పటిలాగే ఉంది. దానికి సమ్మెట దొరికింది, అంతే.

చిత్తూరులో కొత్త పార్కుకు కూర్చుని తినే బల్లలు కావాలన్నారు. నలుచదరం బల్ల, నాలుగు పక్కలా బెంచీలు. ఒక్కదానికి మాత్రం ఒక పక్క బెంచీ లేకుండా వదలాలి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం. మునిప్రసాద్ నమూనా బల్ల ఒకటి పోసి ట్రాక్టరులో వేసుకుని నేరుగా అన్న ఇంటికి పోయి వాకిట్లో దింపించాడు. జైలు నుంచి వచ్చాక ఆ గుమ్మం ముందు అతను నిలబడటం అదే మొదటిసారి.

వదిన భారతమ్మ చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఏమప్పా, మిగిలింది గూడా ఇరగ్గొట్టిపోదామని వచ్చినావా?"

"అన్నను ఒక్కసారి బండి దీని కిందికి తొయ్యమను, వదినా."

లోపలినుంచి జయరామ్ గొంతు లేచింది. "సావు కొలతలకు వచ్చినావేమి రా?" గొంతు వెనకే ఇత్తడి చెంబు వచ్చింది. చెవి చీలి నెత్తురు కారింది. మునిప్రసాద్ తువాలుతో చెవి అదుముకుని అక్కడే నిలబడ్డాడు. చాలాసేపటికి చక్రాల చప్పుడైంది. జయరామ్ వచ్చి కుర్చీని బల్లకేసి తోశాడు. మోకాళ్లు పోయి అంచుకు గుద్దుకున్నాయి.

"తగల్తాండాయి," అన్నాడు. వెనక్కి తిరిగిపోయాడు.

ఆ బల్లను షెడ్డుకు తెచ్చి ముక్కలు చేశాడు మునిప్రసాద్. రెండోసారి ఎత్తు పెంచి పోసుకొచ్చాడు. ఈసారి మోకాళ్లు దూరాయి గానీ నడిమి కాలికి కుర్చీ పాదాల పలక తట్టుకుంది.

"యా గాడిద పోసినాడు రా దీన్ని?"

"నేనే న్నా."

"అదే సెప్తాండా."

రెండోదీ పిండి అయింది. మూడోదానికి నడిమి కాలు తీసేసి బరువంతా రెండు పక్కలకు మోపాడు. మట్టిలో చక్రాలు దిగబడకుండా పార్కు గేటు నుంచి బల్లదాకా నున్నగా బండలు పరిచాడు. పైపలక మీద పులులూ మేకలూ పెట్టి ఆడే పులిజూదం గీతలు గీశాడు. దాన్ని మాత్రం అన్న ఇంటికి తీసుకుపోలేదు.

"పార్కులో పాతేసినా. ఆడికే వచ్చి సూడు న్నా," అన్నాడు వాకిట్లో నిలబడి.

"నువ్వు పిలిస్తే నేను రావాల్నా?" అన్నాడు జయరామ్. వస్తాననలేదు, రాననీ అనలేదు. ఆ మూడో బల్ల కింద అన్న మోకాళ్లు పడతాయా లేదా అన్నదొక్కటే మునిప్రసాద్‌కు కావాలి. క్షమాపణ ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెంబు కాదు, రోలే వచ్చేది.

బల్లల ఖర్చు దాతలది. అందుకు బదులుగా వాళ్ల ఇళ్లల్లో చనిపోయినవాళ్ల పేర్లు బల్లల అంచున చెక్కుతారు. మూడు పక్కల బల్ల మామిడికాయల మండీ ధర్మేంద్ర వంతుకు వచ్చింది. వాళ్ల నాయన పేరు మీద. ప్రారంభానికి ముందురోజు చూసుకోవడానికి వచ్చి, చుట్టూ తిరిగి, ఆగిపోయాడు.

"ఆ పక్కన ఎవురో అత్త పేరుతో ఉండే బల్లకు నాలుగు పక్కలుండాయి. మా నాయనకు మూడేనా? పంక్తిలో మా నాయన ముందర ఆకు ఎయ్యకుండా పోతారా?"

చక్రాల కుర్చీ కోసమని కాపలావాడు చెప్పాడు.

"ఆ బండోడు యెప్పుడో వస్తాడు. మా నాయన పేరు దినామూ ఉంటాది."

ఈ సీమలో పంక్తిలో ఒక ఆకు తప్పితే పెళ్లిళ్లలో తలలు పగిలాయి. ధర్మేంద్రకు అది కుర్చీకి వదిలిన చోటుగా కనిపించలేదు, తండ్రికి జరిగిన లోటుగా కనిపించింది. సాయంత్రానికల్లా ఆ ఖాళీలో రెండు దిమ్మెలు కట్టించి మీద గ్రానైటు బండను నాలుగో బెంచీగా పరిపించాడు.

కాపలావాడు కబురు పెడితే, తెల్లారి మునిప్రసాద్ సమ్మెటతో వచ్చాడు. మొదటి దెబ్బకు బండ నిలువునా చీలింది.

"మా నాయన మింద సమ్మెట ఏస్తావా, నా కొడకా!" ప్రారంభానికి వచ్చిన ధర్మేంద్ర అరిచాడు. అతని మనుషులిద్దరు మీద పడ్డారు. ఒకడు పారకర్రతో డొక్కలో పొడిచాడు. ఇంకొకడు నోటిమీద గుద్దాడు, పన్ను ఊడి బండల మీద పడింది. మునిప్రసాద్ తలతో వాడి ముక్కు చితగ్గొట్టాడు. ధర్మేంద్ర ఉరికొచ్చి, చీలిన బండ తట్టుకుని బోర్లా పడ్డాడు. గుంతలు తవ్విన గడ్డపార పక్కనే ఉంది. మునిప్రసాద్ చేతికి అదే దొరికింది. ఎత్తాడు. కింద ధర్మేంద్ర నడుం.

"కొట్రా!"

గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. భారతమ్మ తోస్తుంటే జయరామ్ కుర్చీ బండల మీదుగా జారుకుంటూ వస్తోంది.

"కొట్టు! యాడ కొట్టాల్నో నీకు నేను సెప్పాల్నా? కొట్టినాక ఇంగో బల్ల పొయ్యి. ఆయప్పకు గూడా ఒక పక్క ఇడిసిపెట్టాల గదా!"

ధర్మేంద్ర మెడ తిప్పి చూశాడు. ముందు చక్రాలు కనిపించాయి, తర్వాత వాటి మీద వేలాడే కాళ్లు. గడ్డపార పైనే ఉంది. అప్పుడే పారకర్ర వచ్చి మునిప్రసాద్ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. గడ్డపార ధర్మేంద్ర చెవి పక్కన బండను గీసుకుంటూ పోయింది.

దించేవాడా, ఆపేవాడా అని తర్వాత టీకొట్ల దగ్గర చాలా వాదనలు నడిచాయి. అడిగితే "నాకూ తెలీదబ్బా" అంటాడు మునిప్రసాద్. అందరి మాటల్లో నమ్మదగింది అదొక్కటే.

జయరామ్ బల్ల దగ్గరికొచ్చాడు. సగం బండ ఇంకా అడ్డంగా ఉంది. పారకర్రవాడి వైపు చూశాడు. "నిలబడి సూస్తాండావేమి? దాన్ని తియ్."

వాడు ధర్మేంద్ర వైపు చూశాడు. ధర్మేంద్ర లేచి కూర్చుని, తన మోకాళ్లు తానే తడుముకుంటున్నాడు. "తియ్ రా," అన్నాడు. వాడు బండ లాగేశాక, సిమెంటు ఇంకా ఆరని దిమ్మెలు రెండు తన్నులకే ఊడిపోయాయి.

జయరామ్ చక్రాలు పట్టుకుని తోశాడు. కుర్చీ లోపలికి పోయింది, పొట్ట బల్ల అంచుకు ఆనేదాకా పోయింది. మునిప్రసాద్ నేలమీద కూలబడి, విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బల్ల కిందికే చూస్తున్నాడు.

"తగల్తాండాయా న్నా?"

జయరామ్ పులిజూదం గీతల మీద వేలు పెట్టి ఒక చివరనుంచి ఇంకో చివరకు జరిపాడు. బల్ల మీదికి ఎగిరిపడ్డ గ్రానైటు పెచ్చుల్లోంచి పెద్దవి ఏరుకున్నాడు.

"సెయ్యి ఇరిగిందా?"

"ఇరిగింది న్నా."

"బాగయింది." పెద్ద పెచ్చులు తనవైపు పెట్టుకుని, చిన్నవి అవతలికి తోశాడు. "పులులు నాయి. ఎడమ సేత్తో ఆడు. ఒక్క ఆట అయినాక ఆస్పత్రికి పో."