పడవ కేసులో యీషున్ జ్యూరీ

ఆ రోజుల్లో సింగపూర్‌లో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే "మీది ఏ ఊరు?" అన్నది రెండో ప్రశ్న. మొదటిది "మీరు ఏ ప్లాట్‌ఫారం?" అని. వచ్చిన కొత్తలో ఒకాయన నన్నలా అడిగితే, "యీషున్ స్టేషనండీ, సిటీ వైపు వెళ్లేది" అని వినయంగా చెప్పాను. ఆయన మళ్లీ నన్నేమీ అడగలేదు. కంప్యూటర్లు తప్ప లోకంలో వేరే పని ఉందంటే మనవాళ్లు ఒప్పుకోని కాలం అది. నేను ఆర్కిటెక్ట్‌నంటే "సాఫ్ట్‌వేర్‌లోనా?" అనేవారు. "కాదండీ, సిమెంట్‌లో" అంటే జాలిపడి, ఇంకా వయసు మించిపోలేదు, ఏదో ఒక కోర్సు చేసెయ్యమ్మా అని ధైర్యం చెప్పేవారు. నేను ఉండేది మా బాబాయి వాళ్ల ఫ్లాట్‌లో. ఆయన పెళ్లిసంబంధాల వాళ్లకి ఫోన్లో "మా అమ్మాయి ఆర్కిటెక్ట్" అని చెప్పి, అక్కడితో చాకచక్యంగా ఆపేసేవాడు. (వచ్చిన సంబంధాలు సిమెంటు దగ్గరికొచ్చేసరికి గట్టిపడిపోయేవి.)

నేను చేరిన ఆఫీసు చిన్నది. యజమాని ఒక చైనీస్ పెద్దమనిషి. ఆయన బెల్టుకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుండేది కాబట్టి నేను మనసులో టేప్ సార్ అనుకునేదాన్ని. మాట్లాడుతూ మాట్లాడుతూ టేపు లాగి దగ్గర్లో ఉన్నదేదో ఒకటి కొలవందే ఆయనకి మాట పూర్తయ్యేది కాదు. హాకర్ సెంటర్‌లో నేను అన్నం తింటున్న బల్లని కూడా కొలిచి, "టూ లో, లా" అని పెదవి విరిచిన మనిషి. (ఆ "లా" చట్టం కాదు, అక్కడివాళ్ల మాటల చివర వచ్చే తోక.) ఆ ఆఫీసుకి ఆ ఏడాది పసిఫిక్ సముద్రంలో ఎక్కడో ఉన్న ఒక బుల్లి దేశం నుంచి కోర్టు భవనం పని వచ్చింది. కోర్టు హాలు, స్తంభాలు, మెట్లు లాంటి అందమైనవన్నీ సీనియర్లు పంచేసుకున్నారు. మిగిలినవి గుమాస్తాల ఆఫీసులు, జ్యూరీ గదులు. అవి నా బల్లమీదికొచ్చాయి. నాకింకా ప్రొబేషన్. ప్రొబేషన్‌లో ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే విమానం ఎక్కాల్సిందే. అందుకని చాలా సంతోషంగా తలూపాను.

చిక్కేమిటంటే జ్యూరీ అంటే ఏమిటో మా ఆఫీసులో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. సింగపూర్ వాళ్లు జ్యూరీని ఎప్పుడో ఎత్తేశారు, మన దేశంలోనూ అంతే. బాబాయిని అడిగితే "జడ్జిగారి మీద నమ్మకం లేనప్పుడు పన్నెండు మందిని తెచ్చి పెడతారు" అన్నాడు. "వాళ్లేం చేస్తారు?" అంటే, "మీటింగ్" అన్నాడు. లైబ్రరీకి పోయి చదివితే సంగతి కొంత తేలింది. దారినపోయే మామూలు మనుషులు పన్నెండు మంది కేసు వింటారు, తర్వాత ఒక గదిలో తలుపేసుకుని, నేరం చేశాడా లేదా అన్నదాని మీద అందరూ ఒకే మాట మీదికొచ్చేదాకా చర్చిస్తారు. ఇంతేనా అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ల వయసులో ఏది చదివినా ఇంతేనా అనిపిస్తుంది.

ఇక గీశాను చూడండి. అందరూ సమానం కాబట్టి నడుమ పెద్ద గుండ్రటి బల్ల. మనసు విశాలంగా ఉండాలి కాబట్టి ఒక గోడంతా అద్దం, దాని అవతల పచ్చిక. తోటివాళ్లకి దూరం కాకూడదు కాబట్టి బాత్‌రూమ్ తలుపు నేరుగా ఆ గదిలోకే. టీ కాచుకునే చిన్న వంటగది మాత్రం గుమాస్తాలకి కూడా పనికొస్తుందని బయట వరండాలో పెట్టాను. గీసినంతసేపూ నాలో నేనే మురిసిపోయాను. టేప్ సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "నువ్వు ఈ గదిలో ఎప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగారు. లేదన్నాను. "నేనూ కూర్చోలేదు. సో, కట్టి చూద్దాం, లా" అన్నారు.

వుడ్‌ల్యాండ్స్‌లో మాకు తెలిసిన ఒక గోడౌన్‌లో ప్లైవుడ్‌తో ఆ గదిని అసలు కొలతలకే నిలబెట్టారు. అద్దం బదులు ప్లాస్టిక్ షీటు. బాత్‌రూమ్‌లో కుళాయి లేదు, ఏమీ లేదు, ఒక తలుపూ ఒక కుర్చీ అంతే. ఆ బుల్లి దేశం తరఫున కోర్టుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ దాన్ని చూడటానికి వస్తోందని కబురు. ఆవిడ సరే అంటేనే పని మా దగ్గర ఉంటుంది, లేకపోతే ఇంకో ఆఫీసుకి పోతుంది. గదిలో కూర్చోవడానికి పన్నెండు మంది మామూలు మనుషుల్ని తెచ్చే బాధ్యత నాది. శనివారం పొద్దున్నే డబ్బులివ్వకుండా పన్నెండు మందిని ఎక్కణ్ణుంచి తేవడం? మా పక్క ఫ్లాట్‌లో హైదరాబాద్ ఆంటీ ఉండేది. ఆవిడతో నా గోడు చెప్పుకుంటే, "ఫికర్ నక్కో బిడ్డా. నేను బిర్యానీ చేసుకొని తెస్తా. ఎవరు రారో చూస్తా" అంది. మాట బ్లాకంతా పాకింది. బాబాయి, పిన్ని, ఆంటీ, యూనివర్సిటీలో దోమల మీద పరిశోధన చేసే కుర్రాడు (మేమంతా దోమల డాక్టర్ అనేవాళ్లం, నోట్లోంచి మాట రావడమే గగనం), మిగతావాళ్లంతా బాబాయి ఆఫీసు సాఫ్ట్‌వేర్ మనుషులు. అందరూ రైలు దిగి, బిర్యానీ డేగిసా ముందు నడుస్తుంటే దాని వెనక ఊరేగింపులాగా గోడౌన్‌కి వచ్చారు.

కోర్టు పెద్దావిడ భారీ మనిషి, పూలపూల గౌను, నిండైన నవ్వు. నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టింది. జ్యూరీకి ఒక బంట్రోతు ఉంటారట, లోపలి మాట బయటికీ బయటి మాట లోపలికీ పోకుండా చూడాలట. తర్వాత పన్నెండు మందికీ కేసు చెప్పింది. ఒక దీవిలో ఒక అల్లుడు పక్కింటివాడి పడవని అడక్కుండా తీసుకుపోయాడు. దొంగతనం అని కేసు. అత్తగారికి ప్రాణం మీదికొస్తే అవతలి దీవిలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లానని అతని వాదన. "ఒకే మాట మీదికి వచ్చేదాకా బయటికి రాకూడదు. బయటివాళ్లతో మాటలు వద్దు, సైగలు కూడా వద్దు. నాకు గది ఎలా పనిచేస్తుందో చూడాలి, అంతే. పది నిమిషాలు చాలు" అంది. పాపం, ఆవిడకి మనవాళ్లు కొత్త.

తలుపు వేశానో లేదో బాబాయి గొంతు. ప్లైవుడ్ గోడ కదా, ప్రతి అక్షరమూ వినబడుతోంది, పక్కన ప్లాస్టిక్ షీటులోంచి లోపలంతా కనబడుతోంది. "ఇందులో డిస్కషన్ ఏముందండీ. అల్లుడు. అత్తగారి కోసం. అర్ధరాత్రి పడవ నడిపాడంట. ఎవరైనా నమ్మే మాటేనా? అబద్ధం చెప్తున్నాడు కాబట్టి దొంగే. అందరూ ఓకే అంటే లంచ్‌కి లేద్దాం."

"అంటే మా అమ్మకి జ్వరమొస్తే మీరు పడవ ఎక్కరన్నమాట" అంది పిన్ని.

"మీ అమ్మగారిది నరసరావుపేట. అక్కడ పడవతో పనేముందే?"

అందరూ చేతులెత్తారు. పిన్ని మనసు అల్లుడి వైపే ఉన్నా ఆకలి ఆమె చేతిని కూడా లేపింది. ఎత్తనిది ఆంటీ ఒక్కతే. "నేను ఒప్పుకోను భాయ్‌సాబ్. నాకు మోకాలు పట్టేస్తే మా అల్లుడు రెండంతస్తులు నన్ను ఎత్తుకొని దిగిండు. పడవ ఏం చీజు. అందరు అల్లుళ్లు మీలెక్క ఉంటరా?"

అక్కణ్ణుంచి నా గది నా మీద కక్ష తీర్చుకోవడం మొదలుపెట్టింది. వాదన ముదిరేసరికి దోమల డాక్టర్ భయపడి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. అతను లోపల చిన్నగా దగ్గితే బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినబడింది. వాదన ఆగిపోయింది. అందరూ మర్యాదకి పైకప్పు వైపు చూశారు. "కానివ్వు బాబూ, మేమేం వినట్లేదు" అన్నాడు బాబాయి. ఆ కుర్రాడు సిగ్గుతో తలుపు తోసుకుని బయటికొస్తే ఆ తలుపు వచ్చి సరిగ్గా బాబాయి వీపుకి కొట్టుకుంది. గుండ్రటి బల్ల గోడకి మరీ దగ్గరగా ఉండటంతో, ఆ మూలన ఉన్నావిడ లేవాలంటే సినిమాహాల్లో నడుమ సీటు మనిషి లేచినట్టు వరసంతా లేవాల్సి వచ్చింది. దాహమేసిందంటే వంటగది బయట వరండాలో. వాళ్లు రాకూడదు, కాబట్టి బంట్రోతు హోదాలో నీళ్లు నేనే మోశాను. నేను తలుపు తీసినప్పుడల్లా వరండాలో దించిన డేగిసా నుంచి బిర్యానీ వాసన గదిలోకి పోయేది, లోపలి నుంచి ఒక నిట్టూర్పు బయటికొచ్చేది. ఇవన్నీ ఆ పెద్దావిడ ప్లాస్టిక్ షీటు అవతల కుర్చీ వేసుకుని చూస్తోంది. నేను విమానం టికెట్ సంగతి ఆలోచిస్తున్నాను.

అంతలో అసలు గండం వచ్చింది. ఆంటీ వాళ్ల అంకుల్ పెరుగు చట్నీ గిన్నె పట్టుకుని టాక్సీలో వచ్చి, ప్లాస్టిక్ షీటు అవతల నిలబడి, ఇది ఎక్కడ పెట్టాలి అన్నట్టు గిన్నె పైకెత్తి చూపించాడు. ఆంటీ మాట్లాడకూడదన్న నిబంధన గుర్తుపెట్టుకుంది. సైగల సంగతి మర్చిపోయింది. పక్కన పెట్టు, మూత వెయ్యి, చెంచా ఏది, నువ్వు మాత్రలు వేసుకున్నావా అని రెండు చేతులతో సుదీర్ఘంగా చెప్పింది. కోర్టు పెద్దావిడ లేచి నిలబడి గంభీరంగా, "జ్యూరీ సభ్యురాలు బయటి వ్యక్తికి సంకేతాలు పంపారు. ఈ విచారణ రద్దు. అందరూ వెళ్లవచ్చు" అంది.

ఎవరూ కదల్లేదు. "రద్దేంటండీ? ఆవిడ ఇప్పుడిప్పుడే దారికొస్తుంటే" అన్నాడు బాబాయి. "మీరే వస్తున్నరు దారికి" అంది ఆంటీ. అప్పటికే సాఫ్ట్‌వేర్ వాళ్లు కొందరు పార్టీ మార్చారు. తేలనిదే లేవమన్నారు. పొమ్మంటే పోని జ్యూరీని పెద్దావిడ ముప్ఫై ఏళ్లలో చూడలేదట. ఇక చేసేదేముంది, డేగిసానే లోపలికి తెప్పించారు. ఆవిడ కూడా పళ్లెం పట్టుకుని గుండ్రటి బల్ల దగ్గర పదమూడో మనిషిగా కూర్చుంది. టేప్ సార్ అన్నం తినకుండా బాబాయి వీపుకీ బాత్‌రూమ్ తలుపుకీ మధ్య దూరం కొలుస్తూ ఉండిపోయారు.

తిన్న తర్వాత ఆంటీ నెమ్మదిగా చెప్పింది. "అత్త కోసం కాదు భాయ్‌సాబ్. ఇంట్ల పెండ్లాం ఏడుస్తుంటది. అప్పుడు పడవ ఎవరిదని ఎవడు అడుగుతడు?"

దోమల డాక్టర్, ఆ రోజు మొదటిసారి నోరు విప్పి, "నిజమే" అన్నాడు. ఒక్కొక్కరే చేతులెత్తారు. చివరికి పిన్ని, బాబాయి వైపు చూసింది. ఆ చూపు ముందు ఏ కోర్టూ నిలవదు. "సరే, దొంగ కాదు" అన్నాడు బాబాయి. "కాకపోతే ఈసారి అడిగి తీసుకోమని చెప్పండి."

నేను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. పెద్దావిడ వేళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "అమ్మాయీ, జ్యూరీ గదిలో చేయగల తప్పులన్నీ ఒకేచోట ఇంత స్పష్టంగా నేనెక్కడా చూడలేదు. మా ఊళ్లో ఈ తప్పులు కోర్టు కట్టాక బయటపడతాయి. మళ్లీ గీయి. బాత్‌రూమ్‌లు రెండు, మధ్యలో చిన్న నడవా. కిటికీ ఎత్తులో. వంటగది లోపల. గీశాక మళ్లీ ఈ జ్యూరీనే పిలవాలి" అంది. తర్వాత గొంతు తగ్గించి, ఆ అన్నంలో ఏం మసాలా వేశారో కనుక్కోమంది. నాకు ఏడుపొచ్చింది. టేప్ సార్ అది చూసి టేపు చుట్టేస్తూ, "ఏడవడం నో నీడ్, లా. సోమవారం గీయి" అన్నారు. ప్రొబేషన్ గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం రైల్లో మా జ్యూరీ ఒక పెట్టె అంతా ఆక్రమించింది. బాబాయికి ఓటమి మింగుడుపడక, పడవలో చేపల వాసన ఉందో లేదో ఎందుకు కనుక్కోలేదని కొత్త వాదన లేవదీశాడు. ఆంటీ ఊరుకోలేదు. నేను ఒళ్లో కాగితం పెట్టుకుని రెండు బాత్‌రూమ్‌లు గీస్తూ, మధ్యమధ్య నవ్వుతూ, తలెత్తి చూసేసరికి యీషున్ ఎప్పుడో దాటిపోయింది. ఒక్కరం కూడా గమనించలేదు. అవతలి స్టేషన్‌లో దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఖాళీ డేగిసా చుట్టూ నిలబడి, అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

తర్వాత చాలా గదులు గీశాను, చాలా రైళ్లు ఎక్కాను. ఇప్పుడు రైల్లో నా పక్కన వాదించుకునేవాళ్లెవరూ ఉండరు, నేను దిగాల్సిన స్టేషన్‌కి రెండు స్టేషన్ల ముందే లేచి, సంచీ సర్దుకుని, తలుపు దగ్గర నిలబడతాను.