తూర్పుకు నిలబెట్టిన వ్యాను

ఆ దసరా రోజు పొద్దున్నే నా కారు సెల్లార్‌లో ఇరుక్కుపోయింది. కిందికి దిగే ర్యాంపు మీద ఓంప్రకాష్ వ్యాను అడ్డంగా తిష్ఠ వేసింది. మైత్రీవనం వెనక సందులో ఉన్న మా అపార్ట్‌మెంటుకు కార్యదర్శిని నేను. నాకే ఈ గతి పడితే ఇంకేం చెప్పాలి? నాలుగు దులిపేద్దామనే కిందికి దిగాను.

ఓంప్రకాష్ మా వాచ్‌మన్ మల్లయ్య కొడుకు. తల్లి కాంతవ్వ. పేరుకు మల్లయ్య వాచ్‌మన్ గానీ, అపార్ట్‌మెంటును నడిపేది ఆవిడే. మెట్ల మీద చెత్త కనిపిస్తే ఎవరిదో కనిపెట్టి, వాళ్ల గుమ్మం ముందే నిలబడి అడుగుతుంది. నన్నూ అడిగింది. సిరిసిల్లలో మగ్గం అమ్ముకుని వచ్చినప్పుడు నాడె ఒక్కటి చీరకొంగులో చుట్టి తెచ్చుకుంది. అదే, మగ్గం మీద నూలును అటూ ఇటూ తీసుకుపోయే కొయ్యముక్క. ఏటా దసరాకు దానికి పూజ. ఆ ఏడు ఆ పూజలో వ్యాను కూడా చేరింది.

ఆ వ్యాను హైటెక్ సిటీలో ఒక కాల్ సెంటర్‌కు ఆడపిల్లల్ని దింపుతుంది. అంతకు వారం ముందే పంజాగుట్ట చౌరస్తాలో పొగలు కక్కి ఆగిపోయింది. పిల్లలు డ్యూటీకి ఆలస్యమయ్యారు. ఇంకోసారి ఇలా జరిగితే వేరే బండి చూసుకుంటామని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పేశారట. అమెరికా వాళ్లకు దసరా ఏమిటి? ఆ సాయంత్రమూ షిఫ్టు ఉంది. అప్పుడు అతికించిన రేడియేటర్‌కు మళ్లీ చిల్లు పడింది. మెకానిక్కులంతా స్పానర్లకు బొట్లు పెట్టి షాపులు మూసేశారు. అందుకని ఓంప్రకాష్ వేరే రేడియేటర్ తెచ్చి తానే బిగించుకుంటున్నాడు. తిట్టడానికి వెళ్లినవాణ్ని స్పానర్ల పెట్టె ఇచ్చి వచ్చాను. మా ఇంట్లో వాటికి పూజా లేదు, పనీ లేదు.

పాతది ఊడదీశాడు, కొత్తది పెట్టాడు, గొట్టాలు బిగించాడు, నీళ్లు నింపాడు. స్టార్ట్ చేస్తే కాసేపటికే వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. ఇంజన్ ఆపి, చల్లారాక రేడియేటర్ మూత తీసి మళ్లీ నింపాడు. మళ్లీ అంతే. లోపల గాలి చిక్కుకుంది. బండి మూతి ఎత్తులో ఉంటే ఆ గాలి బుడగలుగా పైకొచ్చి మూతలోంచి పోతుంది. ఇక్కడేమో మూతి పల్లంలో ఉంది. వ్యానును తిప్పి, రివర్సులో దింపితే సరిపోతుంది.

కాంతవ్వ ఒప్పుకోలేదు. పొద్దున బండిని తూర్పుకు నిలబెట్టి పూజ చేసింది. ర్యాంపు దిగేదీ తూర్పుకే. జమ్మికి పోయొచ్చేదాకా దిక్కు మార్చకూడదంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, వాటికి కాపలాగా తానే అక్కడ కూర్చుంది.

ఓంప్రకాష్ మొదట బతిమాలాడు, తర్వాత గొంతు పెంచాడు. ఆవిడ ఒక నిమ్మకాయను టైరు కిందికి ఇంకాస్త జరిపింది. నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకు నోటికాడి కూడు పోతుంటే ఈ దిక్కుల గోల ఏమిటమ్మా అని అనేశాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. చివరికి ఓంప్రకాష్ స్పానరు కింద పెట్టి, నూనె చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు.

"మగ్గం పాయె, గీ బండి సుత పోతె నేనేం చెయ్యాలె అవ్వా?"

ఆ మాటకు కాంతవ్వ లేచింది. వాళ్ల గదిలోకి వెళ్లి, కాసేపటికి నాడెను చేత్తో పట్టుకుని తిరిగి వచ్చింది. దాన్ని పూజలోంచి తీసేసింది, బొట్టు ఇంకా తడిగానే ఉంది. వంగి నిమ్మకాయలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది.

వ్యాను సందులోకి పోయి, తిరిగి, వెనక్కి దిగింది. మూతిని పడమరకు ఎత్తి నిలబడింది. మూత తీసి ఇంజన్ ఆడిస్తుంటే నీళ్లలోంచి బుడగలు బుడబుడా వచ్చాయి. ఓంప్రకాష్ నీళ్లు పోస్తూనే ఉన్నాడు. బుడగలు ఆగిపోయాయి. ముల్లు సగం దగ్గర నిలిచింది, ఇక కదల్లేదు.

నాకు నోరు ఊరుకోక, మనసెలా మార్చుకున్నావమ్మా అని కాంతవ్వను అడిగాను. ఆవిడ నాడె మీది బొట్టును బొటనవేలితో తుడుస్తోంది.

"మా మగ్గం సుత తూర్పుకే ఉండె సారూ," అంది.