ఇమాం పాషా వానలు

ఇమాం పాషాకు ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏమడిగినా వాన గురించి చెప్పేవాడు. టైమెంతయిందంటే, నాలుగింటికల్లా పడమట మబ్బు కడుతుందనేవాడు. ఒంట్లో ఎట్లుందంటే, ధర్మసాగర్ దిక్కు గాలిలో తేమ పెరిగిందనేవాడు. ఒకసారి జ్వరమొచ్చి దవాఖానకు పోతే, ఎప్పటి నుంచి ఉందని డాక్టరు అడిగాడు. మొన్న ఉరిమినప్పటి నుంచి అన్నాడు పాషా. డాక్టరు మందులు రాసిచ్చాడు. పాషా ఊరుకోక, సాయంత్రం గొడుగు లేకుండా బయట తిరగొద్దని ఆ డాక్టరుకే జాగ్రత్తలు చెప్పి వచ్చాడు.

వరంగల్ కొత్తవాడలో ఏ సందులో అడుగుపెట్టినా జంపఖానాలు నేసే మగ్గాల చప్పుడే. ఆ మగ్గాలెక్కే నూలుకు రంగు వేయడం పాషా పని. తెల్లారగానే కాగులో రంగు మరగబెట్టి, చిలపలుగా కట్టిన నూలు ముంచి తీసి, వెదురు బొంగుల మీద ఆరేసేవాడు. ఆరుతున్న నూలులోంచి ఒక పోగు తెంపి, కింది పెదవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచేసరికి జిల్లా వాతావరణం మొత్తం నాలుక మీద సిద్ధంగా ఉండేది. రేడియో వాళ్లలాగా తెలంగాణ అంతటికీ కలిపి ఒకే ముక్క చెప్పడం ఆయనకు చిన్నతనం. పాలకుర్తికి ఒకటి, ధర్మసాగర్‌కు ఒకటి, కొత్తవాడకైతే సందుకొకటి చెప్పేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆయన చెప్పిన వానలు వచ్చేవి కావు. పది చెబితే రెండు పడేవి. దాంతో వాడకట్టులో 'పాషా వాన' అనేది ఒక సామెతయి కూర్చుంది. వస్తానని రాని చుట్టం పాషా వాన. రేపే బాగు చేస్తామన్న వీధి దీపం పాషా వాన. ఒక పెళ్లిలో మగపెళ్లివారు రెండు గంటలు ఆలస్యం చేస్తే, వాళ్లను కూడా పాషా వాన కిందే జమకట్టారు.

ఈ మాట విన్నప్పుడల్లా పాషా భార్య తాహెరా బేగం తల కొంగులో దాచుకునేది. ఆమె బాధ సిగ్గు ఒక్కటే కాదు. ఆమెకు తెలిసిన పాషా వేరు. ఇంట్లో ఆయన చెప్పింది ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. పొద్దున ఆయన్ని అడిగి మిద్దె మీద బొంత ఆరేస్తే, అది ఏనాడూ తడవలేదు. "ఇయ్యాల పడది, ఆరేసుకో" అని ఆమెకు చెప్పిన మనిషే, గడప దాటి పది అడుగులు వేయగానే, సాయంత్రం వాన తప్పదని ఎదురైనవాళ్లందరికీ చెబుతూ పోయేవాడు. ఇంట్లో పాఠం అప్పజెప్పి, పంతులు ముందు నీళ్లు నమిలే పిల్లల్లాగా, నలుగురిని చూస్తే మతి తప్పుతుందేమోనని తాహెరా తనకు తానే సర్దిచెప్పుకునేది.

డెబ్బై తొమ్మిదిలో ఉగాది పోయిన కొత్తల్లో ఆకాశం ఒక తీరుగా లేదు. పొద్దున నిప్పుల ఎండ, మధ్యాహ్నం దుమ్ము లేపే సుడిగాలి, సాయంత్రం భయపెట్టి పోయే మబ్బు. సరిగ్గా అప్పుడే చేనేత సొసైటీకి పెద్ద ఆర్డరొచ్చింది. హైదరాబాదులో ఏదో హాస్టలుకు మూడు వందల జంపఖానాలు. సోమవారం మగ్గాలెక్కాలంటే శని, ఆదివారాల్లో నూలంతా ఆరాలి. సొసైటీ ప్రెసిడెంటు రాజేశ్వర్ రావు శుక్రవారం రేడియో విన్నాడు. పొడి వాతావరణం అంది రేడియో. పాషాను కూడా అడిగాడు. శనివారం ఒట్టి గాలి, ఆదివారం మూడు గంటలకు రాళ్లవాన అన్నాడు పాషా. రాజేశ్వర్ రావు రేడియో మాటే ఖాయం చేసుకున్నాడు.

శనివారం గాలి వచ్చింది, పోయింది. ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సొసైటీ వెనక మైదానంలో బొంగుల మీద ఎరుపు, పచ్చ, నీలం నూలు బారులు తీరింది. ఆ మైదానం చివరే మొగిలమ్మ మిర్చి ఆరబోసుకుంది. ఆమెది ధర్మసాగర్ పక్క పల్లె. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటూ, ఏటా పంటను మార్కెట్‌కు తోలేముందు అక్కడే ఆరబెట్టేది.

పది గంటలకు తాహెరా బొంత భుజానేసుకుని మిద్దె ఎక్కబోయింది. పాషా ఎదురొచ్చి బొంత అందుకున్నాడు.

"ఇయ్యాల వద్దు తాహెరా. పక్కాగ పడ్తది" అన్నాడు, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

 వానాకాలం తప్పితే, వానని ఇంట్లోనూ బయటా ఒకే మాట అనడం తాహెరా కాపురంలో అదే మొదలు. ఎన్నడూ సొసైటీ గడప తొక్కని మనిషి, బురఖా వేసుకుని తిన్నగా రాజేశ్వర్ రావు ముందుకు పోయి నిలబడింది.

"అన్నా, మా ఆయన బయట చెప్పే వానలు నేను గూడ నమ్మ. గని ఇంట్ల చెప్పింది ఎన్నడు తప్పలే. ఇయ్యాల ఇంట్ల గూడ వాననే అన్నడు."

రాజేశ్వర్ రావు కళ్లద్దాలు తీసి అడిగిన ప్రశ్న ఒకటే. "బొంత ఆరేసినవా చెల్లె?"

"లేదన్నా."

అంతే, ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా మైదానంలోకి పరుగెత్తాడు. తాహెరాకు ఆ రోజే తెలిసింది, కొత్తవాడ మొత్తం ఏళ్ల తరబడి పాషా మాట వినేసి నవ్వుకుని, తర్వాత ఆమె మిద్దె వైపు చూసి నూలు ఆరేసుకుంటున్నదని. సొసైటీలో ఆ బొంతకున్న పరువు ప్రెసిడెంటుకు కూడా లేదు. ఆ పొద్దు మాత్రం రాజేశ్వర్ రావు రేడియో మీది నమ్మకంతో తొందరపడి, మిద్దె చూడకముందే నూలు బయట పెట్టించాడు.

మగ్గాలు ఆపి మనుషులంతా కదిలారు. ఆడామగా తేడా లేకుండా చిలపలు మోశారు. తాహెరా ఒక మోపెత్తుకుని మైదానం చివరికి చూస్తే, పాషా అప్పటికే మొగిలమ్మ పక్కన చెమటలు కక్కుతూ మిర్చి గోనెలకెత్తుతున్నాడు. ఘాటుకు ఏడ్చినట్టు కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య, గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో ఆమెకు వివరిస్తున్నాడు.

మూడూ పదికి ఆకాశం నల్లబడింది. రేగుపండ్లంత రాళ్లు రేకుల మీద డప్పు కొట్టాయి. నూలు గోదాములో ఉంది, మిర్చి సొసైటీ వరండాలో ఉంది. మూడన్నవాడివి పది నిమిషాలు లేటు చేశావని రాజేశ్వర్ రావు గడియారం చూపించాడు. అది పది నిమిషాలు ముందు నడుస్తుందని, బాగుచేయించుకొమ్మని పాషా సలహా చెప్పాడు.

వాన వెలిశాక వాడకట్టంతా వచ్చి పాషా భుజం తట్టింది. తాహెరా ఆ రోజు కొంగు తలమీదికి సర్దుకుంది గానీ, ముఖం దాచుకోలేదు. ఇంటికొచ్చాక చాయ్ గ్లాసు చేతికిచ్చి, ఇరవై రెండేళ్ల ప్రశ్న అడిగేసింది.

"పడదని తెలిసి గూడ బయట పడ్తదని ఎందుకు చెప్తరు? అందరు నవ్వుతాండ్లు కదా."

పాషా చాయ్ ఊదుకుంటూ నిదానంగా చెప్పాడు. ఈ కాలపు ఆకాశాన్ని చూసి ఖాయంగా చెప్పగలిగేవాడు ఎవడూ లేడట. పదహారణాల్లో పద్నాలుగణాలు పడదని తోస్తుందట, రెండణాలు అనుమానం మిగులుతుందట. తమ పెళ్లికి ముందు, మొగిలమ్మ భర్త పోయి మొదటిసారి మిర్చి తెచ్చిన ఏడు, ఆ పద్నాలుగణాలే నమ్మి, ఏం ఫికర్ లేదని ఆమెకు చెప్పాడట. ఆ సాయంత్రమే పడ్డదట.

"నీ బొంత తడిస్తే నేను పిండి ఆరేస్త. ఆమె మిర్చి తడిస్తే ఎవలు ఆరేస్తరు? ఉత్తగ పంట కప్పుకున్నోళ్లు నన్ను జూసి నవ్వుతరు, నవ్వనీ."

తాహెరా ఆయన గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది.

తర్వాతి శనివారం కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్లు ఆమెను చుట్టుముట్టారు. పాషా భాయ్ మళ్లీ వాన అంటున్నాడు, నువ్వైనా నిజం చెప్పమన్నారు. పొద్దున ఇంట్లో ఆయన చెప్పిన మాట తాహెరాకు గుర్తుంది, చుక్క కూడా పడదని. తలెత్తి, మచ్చుకైనా మబ్బు లేని ఆకాశాన్ని అటు నుంచి ఇటు ఒకసారి పారజూసింది. నిండిన బిందె చంకనెత్తుకుంది.

"పడ్తది" అంది, ఏమాత్రం తొణక్కుండా. "అయితే మన సందుల కాదు, పక్క సందుల."